మాట తప్పలేదు, అసలు మాటే ఇవ్వలేదు: క్యాజువల్ బంధాల్లో వెలితి ఎక్కడిది?

"ఎలా అయిపోయింది?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి కథే ఉండదు. గొడవ పడలేదు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మధ్యలోకి మూడో మనిషి రాలేదు. రెండు నెలలు కలిశారు, తిరిగారు, నవ్వుకున్నారు, ఒకరికొకరు దగ్గరయ్యారు. తర్వాత మెసేజ్‌ల మధ్య ఎడం పెరిగింది. పూటకోసారి వచ్చేది రోజుకోసారి అయింది, ఆనక వారానికోసారి, ఆపైన అదీ లేదు. మాట తప్పారని నిందిద్దామంటే అసలు మాట ఇచ్చిందే లేదు. "మనం సీరియస్ కాదు కదా" అని మొదట్లోనే ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నట్టే నడిచింది, అనుకున్నట్టే ముగిసింది. అంతా ఒప్పందం ప్రకారమే జరిగాక కూడా లోపల ఏదో వెలితి. దేనికో చెప్పలేం, ఎవరి మీదా కోప్పడలేం.

ఈ వెలితికి రెండు రెడీమేడ్ జవాబులు దొరుకుతాయి. పెద్దవాళ్లని అడిగితే "తప్పు పని చేస్తే అలాగే ఉంటుంది" అంటారు. స్నేహితుల్ని అడిగితే "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావ్, ఇంకొకళ్లని కలువు, అదే పోతుంది" అంటారు. నాకు ఈ రెండు జవాబులూ నచ్చవు. మొదటిది నొప్పిని శిక్షగా చూస్తుంది, రెండోది అసలు నొప్పే లేదంటుంది. ఆ రెండు నెలల్లో ఇద్దరి మధ్య ఏం జరిగిందో, ఏం జరగకుండా ఆగిపోయిందో పెద్దవాళ్లూ అడగరు, స్నేహితులూ అడగరు. వెలితి ఉన్నది ఆ ఆగిపోయినదాంట్లోనే అని నా అనుమానం.

మూణ్ణాళ్ల ముచ్చట కావడమే తప్పా?

చాలామంది మొదట కాలాన్ని తప్పుపడతారు. ఎక్కువ రోజులు సాగలేదు కాబట్టి ఖాళీగా అనిపించింది అంటారు. అదే నిజమైతే చిన్న బంధాలన్నీ ఖాళీగానే ఉండాలి. కానీ పది రోజుల శిక్షణ శిబిరంలో కలిసి, మళ్లీ ఎప్పుడూ కలవని మనిషి జ్ఞాపకం ఇరవై ఏళ్ల తర్వాత కూడా వెచ్చగా ఉండొచ్చు. ఒకే కప్పు కింద పాతికేళ్లు బతికిన ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి కరెంటు బిల్లు తప్ప ఇంకేమీ మిగలకపోవచ్చు.

మనస్తత్వవేత్త రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ప్రేమని మూడు కొనలున్న త్రిభుజంగా వివరించారు: సాన్నిహిత్యం, మోహం, నిబద్ధత. వీటిలో ఏది ఎంత ఉందన్న దాన్నిబట్టి ఒక్కో రకం ప్రేమకి ఒక్కో పేరు పెట్టారు. తమాషా ఏంటంటే "ఖాళీ ప్రేమ" అన్న పేరు ఆయన మూణ్ణాళ్ల ముచ్చట్లకి పెట్టలేదు. మోహం ఆరిపోయి, దగ్గరితనం ఎండిపోయి, కలిసి ఉండాలన్న నిర్ణయం ఒక్కటే మిగిలిన బంధానికి పెట్టారు. మోహం ఒక్కటే ఉన్నదాన్ని ఆయన వ్యామోహం అన్నారు. అంటే ఖాళీతనం మీద క్యాజువల్ బంధాలకి గుత్తహక్కేమీ లేదు.

అలాగే క్యాజువల్ బంధాల్లోకి వెళ్లిన ప్రతివాళ్లూ బాధపడతారన్నది కూడా నిజం కాదు. జానా వ్రాంగలోవా అనే పరిశోధకురాలు కాలేజీ విద్యార్థుల్ని ఒక విద్యా సంవత్సరం పాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. తేడా అంతా "ఎందుకు వెళ్లారు" అన్న దగ్గరే కనిపించింది. తమకి నిజంగా కావాలనిపించి వెళ్లినవాళ్ల మానసిక స్థితి పెద్దగా దెబ్బతినలేదు. ఒత్తిడికి లొంగో, తాగిన మత్తులోనో, ఎవరి మీదో కసి తీర్చుకోవడానికో, ఇదే మెల్లగా ప్రేమగా మారుతుందన్న ఆశతోనో వెళ్లినవాళ్లలో మాత్రం ఆత్మగౌరవం తగ్గడం, దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయి.

ఆ చివరి కారణం దగ్గర కాస్త ఆగాలి. ఇది ప్రేమగా మారుతుందన్న ఆశ. లోపల ఆ ఆశ పెట్టుకుని, పైకి "నాకేం పట్టింపు లేదు" అని నటిస్తూ నడిపే బంధాలు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టేవాళ్లు లేరు. నా ఉద్దేశంలో వెలితి పుట్టేది ఈ నటనలోంచే. క్యాజువల్ బంధంలో రాసుకోని షరతు ఒకటి ఉంటుంది. ముద్దు పెట్టుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు, చిన్నప్పటి సంగతులన్నీ చెప్పుకోవచ్చు. కానీ "నువ్వు నాకు అవసరం" అన్న ఒక్క మాట మాత్రం బయటికి రాకూడదు. వస్తే ఆట చెడిపోతుంది.

తుడిపేసిన మెసేజ్

నాకు తెలిసిన ఒకావిడ ఒక రాత్రి సంగతి చెప్పింది. అప్పటికి మూడు నెలలుగా ఒకతన్ని కలుస్తోంది. శని, ఆదివారాలు కలవడం, సినిమాలు, నవ్వులు, అంతా బాగానే ఉంది. వారం మధ్యలో ఒక రాత్రి ఆమెకి జ్వరం వచ్చింది. గదిలో ఒక్కతే. పదకొండు దాటింది. ఫోన్ తీసి "జ్వరంగా ఉంది, ఒకసారి రాగలవా?" అని టైప్ చేసింది. చదువుకుంది. తుడిపేసింది. "జ్వరంగా ఉంది" అని మాత్రం ఉంచింది. అది జాలి కోసం పెట్టినట్టు అనిపించి అదీ తుడిపేసింది. చివరికి దుప్పటి కప్పుకుని వణుకుతున్న బొమ్మ ఉన్న స్టిక్కర్ ఒకటి పంపింది. అటు నుంచి నవ్వుతున్న ఇమోజీ వచ్చింది. కాసేపు చూసి, ఫోన్ బోర్లించి పడుకుంది.

"అతను చెడ్డవాడేం కాదు. అడిగుంటే వచ్చేవాడేమో కూడా. అడిగే హక్కు ఉందో లేదో నాకే తెలియలేదు," అంది.

ఈ ముక్కలోనే చాలా ఉంది. హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వవేత్తలు 1988లో సాన్నిహిత్యం ఎలా పుడుతుందో ఒక క్రమంగా వివరించారు. ఒకరు తమ లోపలిది ఏదో బయటపెడతారు. ఎదుటివాళ్లు దానికి స్పందిస్తారు. నన్ను అర్థం చేసుకున్నారు, నేను చెప్పినదాన్ని చిన్నచూపు చూడలేదు, నా గురించి పట్టించుకున్నారు అని మొదటివాళ్లకి అనిపిస్తుంది. ఈ మూడూ అనిపిస్తేనే దగ్గరితనం. ఇప్పుడు ఆ రాత్రిని చూడండి. ఆమె బయటపెట్టింది స్టిక్కర్, అతను స్పందించింది స్టిక్కర్‌కి. జ్వరం మధ్యలో ఎక్కడా లేదు. అతను ఆమెని నిర్లక్ష్యం చేశాడని కూడా అనలేం, ఎందుకంటే ఆమె కష్టం అతని దాకా చేరనే లేదు. మూడు నెలల్లో ఇలాంటివి ఒక పది జరిగితే ఇద్దరూ కలిసి గడిపిన గంటలు పెరుగుతాయి, ఒకరికొకరు ఉన్నారన్న ధైర్యం మాత్రం అంగుళం కూడా పెరగదు.

రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒంటరితనాన్ని రెండుగా విడదీశారు. చుట్టూ మనుషుల గుంపు లేకపోవడం ఒకటి. తనవాళ్లు అనుకోదగ్గ ఒక్క మనిషి లేకపోవడం రెండోది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదని ఆయన గట్టిగా చెప్పారు. వందమంది స్నేహితులున్నా ఆ ఒక్క మనిషి చోటు ఖాళీగానే ఉండొచ్చు. క్యాజువల్ బంధం చేసే తికమక ఏంటంటే, అది సరిగ్గా ఆ ఒక్క మనిషి చోటులో వచ్చి కూర్చుంటుంది. అదే పక్కలో పడుకుంటుంది, అదే గొంతుతో "గుడ్ నైట్" అంటుంది. కానీ ఆ చోటు చేయాల్సిన పని మాత్రం చేయదు. ఎవరూ లేనప్పుడు కనీసం "నాకెవరూ లేరు" అని మనకి తెలుస్తుంది. ఇక్కడ ఆ మాట కూడా అనుకోలేం. అందుకే ఒంటరిగా ఉన్నప్పటికంటే ఇలాంటి బంధంలో ఉన్నప్పుడే ఎక్కువ ఒంటరిగా అనిపించిందని చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లు అతిశయోక్తి చెప్తున్నారని నేననుకోను.

ఎవరు ముందు కరిగితే వాళ్లు ఓడినట్టు

విల్లర్డ్ వాలర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1938లోనే ఒక సంగతి రాశారు: ఇద్దరిలో ఎవరికి ఆసక్తి తక్కువో పెత్తనం వాళ్లదే. దీన్ని "తక్కువ ఆసక్తి సూత్రం" అంటారు. ఎవరు వదిలేసి వెళ్లడానికి సిద్ధంగా ఉంటారో, వాళ్లు చెప్పినట్టే రెండోవాళ్లు వినాల్సి వస్తుంది. ఇది ఏ బంధంలోనైనా కొంత ఉంటుంది. కానీ పెళ్లో, ప్రకటించిన ప్రేమో ఉన్నచోట దానికి అడ్డుకట్టలుంటాయి. ఇద్దరూ కొంత బయటపడిపోయి ఉంటారు, వెనక్కి తీసుకోలేని మాటలు అప్పటికే అనేసి ఉంటారు. క్యాజువల్ బంధంలో అడ్డుకట్ట ఉండదు. కాబట్టి పట్టనట్టు కనిపించడమే బలం అవుతుంది.

ఇది ఎంత చిన్న చిన్న విషయాల్లోకి దిగుతుందో చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మెసేజ్ ఏడుంపావుకి వచ్చింది. నోటిఫికేషన్‌లోనే చదివేశాం, తెరవలేదు, తెరిస్తే చూసినట్టు తెలిసిపోతుంది. వెంటనే బదులిస్తే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నట్టుంటుంది (నిజానికి అలాగే కూర్చున్నాం). పోయినసారి అటువాళ్లు గంటన్నర తీసుకున్నారు కాబట్టి ఈసారి మనం కనీసం రెండు గంటలు. తొమ్మిదిన్నరకి చాలా యథాలాపంగా "హే, ఇప్పుడే చూశా" అని పెడతాం. ఆ పొడి మాట రాయడానికి నాలుగు సార్లు తుడిచి రాశామన్నది మనకి తప్ప ఎవరికీ తెలియదు. అటువైపు కూడా అదే నడుస్తోందేమో అన్న అనుమానం మాత్రం రాదు.

రావాలి, ఎందుకంటే చాలాసార్లు నిజంగా అదే నడుస్తుంది. 2003లో ట్రేసీ లాంబర్ట్, మరికొందరు కలిసి కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో ఆడా మగా ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. ఇలాంటి క్యాజువల్ కలయికల విషయంలో తమకంటే మిగతావాళ్లు చాలా సుఖంగా, ఇబ్బంది లేకుండా ఉన్నారని ప్రతివాళ్లూ అనుకున్నారు. అందరూ అలా అనుకుంటే లెక్క ఎక్కడో తప్పినట్టే కదా. ప్రతివాళ్లూ పక్కవాళ్ల మొహం చూసి తమ మొహం సర్దుకుంటున్నారు. "నాకొక్కడికే ఇలా అనిపిస్తోంది, నాలోనే ఏదో లోపం ఉంది" అని గదిలో కూర్చుని అనుకునేవాడికి, పక్క గదిలోనూ ఒకడు అదే అనుకుంటున్నాడని తెలియదు.

మగవాళ్లకి ఇవేం పట్టవన్న మాట ఒకటి బాగా వినిపిస్తుంది. సగటు తీస్తే తేడాలు ఉన్నాయి, కాదనను. కానీ "నాకు ఫీలింగ్స్ వచ్చేశాయి" అని నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పిన మగపిల్లల్ని నేను చూశాను. వచ్చేశాయి అన్న క్రియ ఒక్కసారి గమనించండి, అదేదో జలుబు వచ్చినట్టు. జాగ్రత్తగా ఉండుంటే రాకపోవును అన్న అర్థం అందులోనే ఉంది.

ఎదురుచూపుకి ఉన్న కిక్కు

అంత వెలితిగా ఉంటే మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్తారు? దీనికి మెదడు వైపు నుంచి ఒక మంచి జవాబు ఉంది. కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980ల చివర్లో ఎలుకల మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసి చూశారు. ఆ ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా కదల్లేదు. కానీ నోట్లో తియ్యటి ద్రావణం పోస్తే మామూలు ఎలుకల్లాగే పెదాలు చప్పరించాయి. అంటే తీపి వాటికి నచ్చుతూనే ఉంది, కావాలనిపించడం మాత్రమే పోయింది. నచ్చడం వేరు, కావాలనిపించడం వేరు అన్నది అక్కడ బయటపడింది. డోపమైన్‌ని సుఖరసాయనం అని పత్రికలు ఇప్పటికీ రాస్తుంటాయి గానీ, దాని ముఖ్యమైన పని మనల్ని పరిగెత్తించడం.

ఇంకో ప్రయోగం దీనికి తోడు. 2003లో వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ బృందం కోతులకి తెర మీద గుర్తులు చూపించి, కాసేపయ్యాక జ్యూస్ ఇచ్చింది. కొన్ని గుర్తుల తర్వాత జ్యూస్ తప్పకుండా వస్తుంది, కొన్నిటి తర్వాత ఎప్పటికీ రాదు, మిగతావాటికి మధ్యస్థంగా. గుర్తు కనిపించాక జ్యూస్ వచ్చే క్షణం దాకా కోతి ఎదురుచూస్తున్నప్పుడు, వస్తుందో రాదో సరిగ్గా సగం సగం ఉన్న గుర్తుకే డోపమైన్ కణాల్లో అలజడి అన్నిటికంటే ఎక్కువగా పెరుగుతూ పోయింది.

ఈ శనివారం కలుస్తామో లేదో తెలియని మనిషి మీద మనసు అంతలా పీకడానికి ఇక్కడ ఒక ఆధారం దొరుకుతుంది. కోతి నుంచి మనిషికి నేరుగా గీత గీసేయకూడదు, కానీ పోలిక కనిపించక మానదు. తప్పకుండా వచ్చేవాళ్ల కోసం ఇంత అలజడి ఉండదు. అసలు రానివాళ్ల మీద కొన్నాళ్లకి ఆశే పోతుంది. "చూద్దాం, కుదిరితే" అన్నవాళ్లే నిద్ర చెడగొడతారు. ఆ అలజడినే మనం ప్రేమ అనుకునే ప్రమాదం ఉంది. కలిశాక, రెండు గంటలయ్యాక, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు హఠాత్తుగా చప్పబడిపోయినట్టు అనిపిస్తుందే, అప్పుడు తెలుస్తుంది మనకి కావాలనిపించింది ఎక్కువ, నచ్చింది తక్కువ అని.

ఈ సందర్భంలో ఆక్సిటోసిన్ గురించి కూడా ఒక మాట. ఎక్కువమందితో కలిస్తే ఆ హార్మోన్ అరిగిపోతుందనీ, తర్వాత ఎవరితోనూ ముడిపడలేరనీ ఒక ప్రచారం ఉంది. దానికి ఆధారం లేదు. జీవితకాలం జంటగా ఉండే ప్రెయిరీ వోల్ అనే ఎలుక లాంటి జంతువుల మీద ఆధారపడే ఈ కథలన్నీ అల్లారు. 2023లో అసలు ఆక్సిటోసిన్ గ్రాహకాలే (ఆ హార్మోన్‌ని అందుకునే కణభాగాలే) లేకుండా పుట్టించిన వోల్స్ కూడా జంట కట్టాయని తేలింది. ఒక్క హార్మోన్ మీద తోసేసేంత తేలికైన వ్యవహారం కాదిది.

మోకాలి మీద మచ్చ

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. ఇలాంటి బంధాల్లో మాటలు తక్కువేం ఉండవు. పైగా మొదటి వారంలోనే తెల్లవార్లూ మాట్లాడుకుంటారు. ఇంట్లోవాళ్లతో పదేళ్లలో చెప్పనివి ఆ ఒక్క రాత్రిలో చెప్పేస్తారు. ఇది కొత్త విషయం కాదు. ప్రయాణంలో పక్క సీటు మనిషికి గుండెలో ఉన్నదంతా చెప్పేయడం గురించి జిక్ రూబిన్ అనే మనస్తత్వవేత్త 1975లోనే పరిశోధన చేశారు. మళ్లీ కనిపించరన్న ధీమాయే నోరు తెరిపిస్తుంది. ఆర్థర్ ఆరన్ 1997లో ఇంకో అడుగు ముందుకెళ్లి, ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని కూర్చోబెట్టి, మెల్లగా లోతుకి వెళ్లే 36 ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కోమన్నారు. ముక్కాలు గంటలో నిజంగానే దగ్గరితనం పుట్టింది. ఈ ప్రశ్నలు తర్వాత "ప్రేమ పుట్టించే ప్రశ్నలు"గా ప్రపంచమంతా చుట్టేశాయి. ఆ పరిశోధన పత్రంలోనే ఉన్న ఒక హెచ్చరిక మాత్రం అంత దూరం ప్రయాణించలేదు: ఈ పద్ధతి దగ్గరితనం అనే భావనని పుట్టిస్తుందే తప్ప విధేయత, ఒకరిమీద ఒకరు ఆధారపడటం, నిబద్ధత లాంటివి పుట్టిస్తుందని అనుకోలేమని. వాటికి కాలం పడుతుందని.

మోకాలి మీద ఒక మచ్చ ఉందనుకోండి. కొత్తగా దగ్గరైన మనిషి దాని మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడుగుతారు. మీరు చెప్తారు. తొమ్మిదేళ్లప్పుడు సైకిల్, వాన, పక్కన నాన్న లేకపోవడం. మొదటిసారి చెప్పినప్పుడు మీ గొంతు నిజంగానే వణికింది. రెండో మనిషికి చెప్పినప్పుడు ఏ ముక్క దగ్గర వాళ్ల కళ్లు మెత్తబడ్డాయో గమనించారు. నాలుగోసారికి ఆ ముక్క ముందు మీరే కాస్త ఆగడం నేర్చుకున్నారు. ఏడోసారి చెప్తుండగా మధ్యలో మీ గొంతు మీకే ఎవరో పాఠం ఒప్పజెప్తున్నట్టు వినిపించింది. కథ అబద్ధం కాదు. కానీ మీరు ఆ కథలో లేరు. ఎదుటి మనిషి సరిగ్గా వేయాల్సినచోట చెయ్యి వేశారు, మీరు సరిగ్గా నవ్వాల్సినట్టు నవ్వారు. ఇద్దరూ దగ్గరయ్యే ఘట్టాన్ని ఎంతో బాగా నటించారు.

మచ్చ గురించి తెలిసినవాళ్లు ఇప్పుడు ఏడుగురున్నారు. ఇంటర్వ్యూ ముందురోజు మీరు మాట్లాడటం మానేస్తారని, అది కోపం కాదు భయం అని తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకంటే అది చెప్తే తెలిసే విషయం కాదు. రెండు మూడు ఇంటర్వ్యూలు పక్కనుండి చూస్తే తెలిసేది. మన గురించి మనమే చెప్పుకోగలిగినదంతా మొదటి నెలలో అయిపోతుంది. మనకే తెలియని మన సంగతులు ఎదుటివాళ్ల కళ్లలో పడాలంటే ఆ తర్వాత నెలలు కావాలి. చిన్న బంధం ఎప్పుడూ మొదటి అధ్యాయం దగ్గరే ఆగి, ఇంకో మనిషితో మళ్లీ మొదటి అధ్యాయం నుంచే మొదలవుతుంది.

గంటల లెక్క కూడా ఒకటుంది. జెఫ్రీ హాల్ అనే ఆయన స్నేహాల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు అనిపించుకోవడానికి 90, ఆప్తులు కావడానికి 200 గంటల పైనే కలిసి గడపాల్సి వచ్చిందట. అది స్నేహం లెక్క, ప్రేమకి అచ్చంగా అదే వర్తిస్తుందని చెప్పలేం. అయినా వారానికి రెండుసార్లు, కలిసినప్పుడల్లా మూడు గంటల చొప్పున ఆరు వారాలు వేసుకోండి. 36 గంటలు. శరీరాలు ఎంత దగ్గరయ్యాయో చూస్తే ఆప్తులం అయిపోయామనిపిస్తుంది. గంటలు చూస్తే మామూలు స్నేహం దాకా కూడా రాలేదు. ఈ రెండు గడియారాలు వేర్వేరు వేగంతో తిరగడం వల్ల కలిగే కంగారు చిన్నది కాదు.

ఇక్కడ యాప్‌లని తిట్టడం మామూలే. 2012లో టిండర్ వచ్చాక వేలితో పక్కకి తోసేయడం ఒక అలవాటుగా మారిన మాట నిజం. ఎంపిక ఎక్కువైతే ఎంచుకోలేమని చెప్పడానికి 2000లో వచ్చిన జామ్ సీసాల ప్రయోగాన్ని అందరూ ఉదహరిస్తారు, 24 రకాలు పెడితే తక్కువమంది, 6 రకాలు పెడితే ఎక్కువమంది కొన్నారని. 2010లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే సగటున ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కాబట్టి నేను నింద మొత్తం యాప్ మీద వేయను. "నువ్వు కాకపోతే ఇంకొకరు" అన్న మాట ఇద్దరి మధ్య ఎప్పుడూ వేలాడుతూ ఉండటం మాత్రం ఆ నటనని ఇంకా పెంచుతుంది. దగ్గరితనం అంటేనే భయపడేవాళ్లకి ఈ ఏర్పాటు హాయిగా ఉంటుంది. సిండీ హజాన్, షేవర్ 1987లో చేసిన సర్వేలో దాదాపు పావు వంతు మంది తమని తాము ఆ కోవలో చెప్పుకున్నారు. చిక్కల్లా, అలాంటి ఒకరూ, దగ్గరితనం కోసం తపించే ఒకరూ జత కలిసినప్పుడే.

చెప్పుకోలేని బాధ

అయిపోయాక ఏం జరుగుతుందన్నది చాలామంది పట్టించుకోరు. ఆఫీసులో "ఏంటి అలా ఉన్నావ్?" అంటే "నిద్ర సరిపోలేదు" అంటాం. బ్రేకప్ అందామంటే మొహమాటం. అసలు కలిస్తే కదా విడిపోవడానికి! ఇంట్లో చెప్పలేం, వాళ్లకి ఆ మనిషి ఉన్నట్టే తెలియదు. గది మూలలో వాళ్లు మర్చిపోయిన ఛార్జర్ ఉంటుంది. తిరిగి ఇవ్వాలంటే మెసేజ్ పెట్టాలి, పారేయడానికి చేతులు రావు. ఆ ఛార్జర్‌తోనే కొన్నాళ్లు ఫోన్ ఛార్జ్ చేసుకుంటాం.

కెనెత్ డోకా అనే ఆయన 1989లో ఇలాంటి బాధకి ఒక పేరు పెట్టారు. నలుగురూ గుర్తించని, నలుగురి ముందు ఏడవడానికి అనుమతి లేని దుఃఖం అని. రహస్య బంధంలోని మనిషి పోయినప్పుడు, పుట్టకముందే బిడ్డ పోయినప్పుడు మనుషులు పడే బాధ ఆ కోవలోకి వస్తుంది. పోలిన్ బాస్ అనే ఆవిడ 1970లలో యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలని చూసి, ఉన్నారో లేరో తేలని నష్టం ఎలా మనిషిని ఒకేచోట నిలబెట్టేస్తుందో వివరించారు. ఆ కుటుంబాల కష్టంతో రెండు నెలల పరిచయాన్ని పోల్చడం అన్యాయం. కానీ చెప్పాపెట్టకుండా మాయమైపోయిన మనిషి పేరు పక్కన ఇంకా పచ్చచుక్క వెలుగుతూనే ఉంటే, మనసు చేసే పని అదే తీరులో ఉంటుంది. ఏడ్చి ముగించేద్దామంటే ముగిసిందని ఎవరూ చెప్పలేదు. ఎదురుచూద్దామంటే ఎదురుచూడమనీ చెప్పలేదు.

బాధపడటానికి కూడా అర్హత లేదనిపించినప్పుడు మనిషి బాధని పక్కన పెట్టడం నేర్చుకుంటాడు. దాంతోపాటు ఇంకొన్ని కూడా పక్కకి వెళ్లిపోతాయి. ఐదారు సార్లు ఇలా జరిగాక "ఇప్పుడు నాకేం అనిపించట్లేదు" అని కొందరు గర్వంగా చెప్తారు. వినేవాళ్లు దాన్ని పరిణతి అనుకుంటారు. నాకు మాత్రం చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియనట్టు అనిపిస్తుంది.

సిచుయేషన్‌షిప్ అన్న మాట 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆ ఏటి మేటి పదాల తుది జాబితాలోకి ఎక్కింది. పేరు లేని బంధానికి అలా ఒక పేరు దొరికింది గానీ, "మనం ఏంటి?" అని అడగడం ఏమీ తేలిక కాలేదు. స్కాట్ స్టాన్లీ, గలీనా రోడ్స్, హోవర్డ్ మార్క్‌మన్ 2006లో జంటలు కలిసి కాపురం పెట్టే తీరు గురించి రాస్తూ, నిర్ణయించుకుని అడుగు వేయడానికీ, జారుకుంటూ అందులోకి వెళ్లిపోవడానికీ తేడా ఉందన్నారు. క్యాజువల్ బంధాల్లోకి కూడా చాలామంది జారుకుంటూనే వెళ్తారు. నిజంగా తేలికపాటి బంధమే కావాలని ఇద్దరూ తెలిసి, నోరు తెరిచి చెప్పుకుని, జ్వరం వస్తే జ్వరమని చెప్పుకుంటూ నడిపితే అది రెండు నెలలే ఉన్నా ఖాళీగా ఉండకపోవచ్చు. అలాంటివి ఉన్నాయి, తక్కువే అయినా.

జ్వరం రాత్రి గురించి చెప్పిన ఆవిడ ఏడాది తర్వాత ఇంకొకతన్ని కలిసింది. ఈసారి ఆరో వారంలోనే, ఇద్దరూ మెట్లు దిగుతుండగా, అనుకోకుండా అడిగేసిందట: "నాకు నువ్వు అలవాటైపోతున్నావ్. నీ సంగతేంటి?" అతను రెండు మెట్లు దిగాక ఆగి, తను ఇప్పుడు అంత దూరం రాలేనని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. వాళ్లు మళ్లీ కలవలేదు. ఆమె రెండు రోజులు సెలవు పెట్టి ఏడ్చింది, అక్కకి ఫోన్ చేసి ఎందుకు ఏడుస్తోందో కూడా చెప్పింది. "బాగా నొప్పేసింది. కానీ అప్పట్లా ఖాళీగా లేదు," అంది. అక్క ఆ సాయంత్రం బస్సెక్కి వచ్చింది.